బిల్లుండ్ వడ్రంగి

బొమ్మలతో ఆడుకొనుట పిల్లల పని యనియు, పెద్దవారికి అది తగదనియు మనము సాధారణముగా తలంతుము. కాని నలువది యేండ్లు దాటి, ఉద్యోగములు చేసికొనుచు, బిడ్డలను పెంచుచున్నవారు సైతము రాత్రి భోజనములైన పిదప దీపము క్రింద కూర్చుండి, గోరంత ముక్కలను ఒకదానిపై నొకటి బిగించుచు ఒక బొమ్మ ఓడను కట్టుకొనుట నేడు అనేక దేశములలో చూడవచ్చును. అది సముద్రపు దొంగల ఓడ. దాని తెరచాపలపై ఎఱ్ఱని చారలుండును. నల్లని జెండాపై పుఱ్ఱె బొమ్మ యుండును. ఒంటికాలికి బదులు కొయ్యకాలు గల నాయకుడు దాని పైతట్టున నిలిచియుండును. 1989వ సంవత్సరమున ఆ ఓడ మొదట వెలువడినప్పుడు దానితో ఆడుకొన్న పిల్లలు కొందరు. అంగడిలో చూచి ఆశపడి, తల్లిదండ్రులు కొనియీయలేక పోగా ఊరకుండినవారు కొందరు. ఈ రెండు తెగలవారును ఇప్పుడు పెద్దవారై, తమ సంపాదనతో ఆ ఓడను వెదకి కొనుచున్నారు.

ఆ బొమ్మను చేసిన సంస్థ పేరు లెగో. దానిని ఏ మహానగరమునందో ఏ కోటీశ్వరుడో నెలకొల్పలేదు. ఒక మెట్టసీమ పల్లెలో, పని దొరకక అప్పులపాలైన ఒక వడ్రంగి కొట్టములో అది పుట్టినది. ఆ వడ్రంగి పేరు ఓలె కిర్క్ క్రిస్టియాన్‌సెన్. అతడు దొంగల ఓడను చూడలేదు. అది వెలువడుటకు ముప్పదియొక్క సంవత్సరములకు పూర్వమే కన్నుమూసెను. అయినను ఆ ఓడను గూర్చి తెలిసికొనగోరువారు మొదట అతని కథ తెలిసికొనవలయును.

ఐరోపా ఖండమున ఉత్తరముగా డెన్మార్కు అను చిన్న దేశము కలదు. దాని పడమటి భాగము జట్లాండ్ అను ద్వీపకల్పము. అందు నడుమనున్న నేల ఇసుక పఱ్ఱ. పూర్వము పొదలును తుప్పలును దప్ప మఱేమియు పండెడిది కాదు. తరతరముల రైతులు ఆ బీడు కొట్టి, ఎరువు వేసి, పొలముగా మార్చుకొనిరి. అట్టి నేలలో ఫిల్‌స్కోవ్ అను గ్రామము దాపున 1891 ఏప్రిల్ 7వ తేదీన ఓలె కిర్క్ జన్మించెను. తల్లిదండ్రులు పేదవారు; బిడ్డలా, పలువురు. అట్టి ఇంట పుట్టిన బాలుడు బడికి పోవుటతో పాటు పశువుల వెంటను పోవలసివచ్చెను. పదునాలుగవ యేట అతడు తన యన్న యొద్దనే వడ్రంగము నేర్చుకొనుటకు చేరెను. ఇరువదవ యేటికి పని నేర్చిన వడ్రంగియై బయటికి వచ్చి, జర్మనీ, నార్వే దేశములకు పోయి అచ్చట కొన్నాళ్లు కూలికి పనిచేసెను.

1916లో అతడు స్వదేశమునకు తిరిగివచ్చి, బిల్లుండ్ అను పల్లెలో అమ్మకమునకు వచ్చిన ఒక వడ్రంగి కర్మాగారమును కొనెను. నార్వేలో నున్నప్పుడు పరిచయమైన హాన్సీనె అను యువతిని అదే సంవత్సరమున వివాహమాడెను. బిల్లుండ్ అప్పుడు కొద్దిపాటి యిండ్లును, ఒక రైలు నిలయమును గల కుగ్రామము. మన ఈపూరు చుట్టుపట్లనున్న మెట్ట పల్లెలను చూచినవారికి ఆ యూరి సంగతి విప్పి చెప్పనక్కరలేదు. రైతు పండించినయెడల వడ్రంగికి పని కలదు. క్రొత్త యిల్లు, పశువుల కొట్టము, తలుపులు, కిటికీలు, బండి, బల్ల, అన్నియు రైతు చేయించుకొనవలసినవే. రైతు చేతిలో డబ్బు ఆడనినాడు మొదట మూతపడునది వడ్రంగి కొట్టమే. నాగళ్లును గొఱ్ఱులును చేసి, కళ్లమునాడు గింజలు కొలిపించుకొనిన వడ్రంగుల కుటుంబములు మన పల్నాటి గ్రామములలో ఉండెడివి. వారు ఈ మాటను చక్కగా నెఱుగుదురు.

ఓలె కిర్క్ మంచి పనివాడు. బేరమాడుటలో మాత్రము గట్టివాడు కాడు. రావలసిన బాకీలను గట్టిగా అడుగజాలడు. అయినను ఎనిమిదేండ్లు ఎట్లో చక్కగా గడచినవి. ముగ్గురు కుమారులు కలిగిరి. 1924 ఏప్రిల్ 27వ తేదీ ఆదివారమునాడు రెండవవాడగు కార్ల్ గేయోర్గును, మూడవవాడగు గోట్‌ఫ్రెడును కర్మాగారములో దూరి నిప్పుతో చెలగాటమాడిరి. చిన్నవానికి అప్పటికి నాలుగేండ్లయినను నిండలేదు. చిత్రిక పట్టగా రాలిన పొట్టునకు నిప్పంటుకొనెను. కర్మాగారమును, దానినంటియున్న యిల్లును కాలి బూడిదయ్యెను. పిల్లలు బ్రతికి బయటపడిరి.

ఇట్టి సమయమున ఇంకొకడైన చిన్న పాక వేసికొని సరిపెట్టుకొనును. ఓలె కిర్క్ అట్లు చేయలేదు. పల్లెకు మించినంత పెద్ద యిల్లు కట్టించి, వెనుక కర్మాగారమును నిర్మించి, ఖర్చును పూడ్చుటకు ఇంటిలో కొంత భాగము అద్దెకిచ్చి, తాను చిన్న భాగమున కాపురముండెను. ఆ యిల్లు నేటికిని బిల్లుండ్‌లో నిలిచియున్నది. వాకిట రెండు సింహపు బొమ్మలున్నందున దానిని సింహముల యిల్లనియే పిలుతురు. ఇందు అతని దూరదృష్టి కలదని చెప్పువారు కలరు. నాకు మాత్రము అది కొంత దుడుకుతనముగానే తోచును. ఆ యప్పు పలు సంవత్సరములు అతని మెడకు చుట్టుకొనియే యుండెను.

1929లో అమెరికాలో మొదలైన ఆర్థికమాంద్యము రెండు మూడేండ్లలో డెన్మార్కు పొలములకును ప్రాకెను. వెన్నకును, మాంసమునకును ధరలు పడిపోయెను. రైతులు ఇండ్లు కట్టించుట మానిరి. ఓలె కిర్క్ తన పనివారిని ఒక్కొక్కరినే పంపివేయవలసివచ్చెను. ఇంతలో 1932వ సంవత్సరము సెప్టెంబరు మాసమున భార్య హాన్సీనె మరణించెను. పెద్దకుమారునకు పదునైదేండ్లు, కడగొట్టువాడగు గెర్హార్టునకు ఆఱేండ్లు. తల్లిలేని నలుగురు బిడ్డలు, పనిలేని కర్మాగారము, తీరని అప్పు. అతని నలువదియొకటవ యేడు ఇట్లు గడచెను.

ఇండ్లు కట్టించుటకు డబ్బులేనివారు సైతము చిన్న వస్తువులను కొందురని తలచి అతడు ఇస్త్రీ బల్లలును, మడత నిచ్చెనలును చేయసాగెను. ఇంటికి పూర్వము నమూనా చేయుట వడ్రంగుల వాడుక గదా! తాను చేయు వస్తువులకు అతడు చిన్న నమూనాలు చేయుచుండెను. వానిని చూడగా అతనికి బొమ్మలు చేయవలెనను తలంపు కలిగెను. మిగిలిన చెక్కముక్కలతో చిన్న బండ్లు, కార్లు, జంతువులు, బొమ్మరింటి సామానులు చేసెను. ఒక కలప వర్తకుడు వానిని చూచి, క్రిస్మసు పండుగకు కొన్ని కావలెనని చెప్పెను. ఓలె కిర్క్ సంతోషముతో చేసి సిద్ధపఱచునప్పటికి ఆ వర్తకుడే దివాలా తీసెను. అంతట అతడు ఆ బొమ్మలను తీసికొని ఊరూరు తిరిగి తానే అమ్ముకొనెను. కొన్ని చోట్ల రైతులు రొక్కమునకు బదులు తినుబండారములిచ్చిరి. ఇంటిలో నలుగురు బిడ్డలున్నవాడు దానిని కాదనునా?

బంధువులకు మాత్రము ఈ పని నచ్చలేదు. అప్పునకు పూచీపడుమని అతడు తోబుట్టువులను కోరినప్పుడు, వారు పూచీపడిరిగాని, ఇంత పనితనముగలవాడు ఇంతకన్న ప్రయోజనకరమైన పని వెదకుకొనరాదా యని నిష్ఠూరమాడిరి. వడ్రంగి యనగా ఇండ్లు కట్టువాడు. బొమ్మలు చేయుట వారి దృష్టిలో పని తప్పినవాని పని. మన దేశమున కొండపల్లిలో తెల్లపొణికి కఱ్ఱతోను, ఏటికొప్పాకలో అంకుడు కఱ్ఱతోను బొమ్మలు చేయు కుటుంబములు తరతరములుగా ఆ విద్యను నిలుపుకొనుచు వచ్చినవి. వారికి బొమ్మయే కులవృత్తి; బొమ్మయే గౌరవము. జట్లాండ్ పల్లెలలో అట్టి సంప్రదాయము లేకుండుటచేత ఓలె కిర్క్ ఒంటరిగా ఆ మాటలు పడవలసివచ్చెను.

ఆ రోజులలో యో-యో అను తిరుగుడు బొమ్మ ఐరోపా అంతట వెఱ్ఱిగా వ్యాపించెను. బిల్లుండ్ కర్మాగారమునందును వానిని తెగచేసిరి. ఒక్కసారిగా వెఱ్ఱి తగ్గిపోయి, చేసినవన్నియు గుట్టలుగా మిగిలిపోయెను. ఓలె కిర్క్ వానిని పారవేయలేదు. నడిమికి రెండుగా కోయించి, ఆ బిళ్లలను బొమ్మ లారీలకు చక్రములుగా వేయించెను. తాటికాయలు చక్రములుగా బండ్లు చేసికొని ఈడ్చిన మన పల్లెటూరి పిల్లలు ఈ ఉపాయమును మెచ్చుకొందురు.

1934లో అతడు సోఫీ అను ఆమెను పునర్వివాహము చేసికొనెను. వారికి ఒక కుమార్తె కలిగెను. ఆ దశాబ్దపు నడుమనే తన సంస్థకు పేరు పెట్టదలచి, చక్కగా ఆడుకొనుము అను అర్థమునిచ్చు రెండు డేనిష్ మాటల మొదటి అక్షరములను కలిపి లెగో అని పెట్టెను. లాటిను భాషలో ఆ మాటకు ఏరి కూర్చుట అను అర్థము కలదని తరువాత తెలిసెను. అప్పటికింకను కూర్చు బొమ్మలు అతని మనస్సులోనైన పుట్టలేదు.

ఆ సంస్థ చేసిన బొమ్మలలో చక్రములపై నడచుచు నోరు తెఱచి మూయు కొయ్య బాతు పేరుపడ్డది. దానిని చేయు విధమును కొంచెము చెప్పవలయును. బీచి అను గట్టి కఱ్ఱను తెచ్చి, తొందరపడక చాలకాలము గాలికి ఆరనిచ్చి, పిమ్మట వెచ్చని గదిలో ఎండబెట్టి, కోసి, నున్నగా రుద్ది, మూడు పూతల వార్నిషు వేయుదురు. ఒకనాడు కుఱ్ఱవాడగు గోట్‌ఫ్రెడ్ బాతులను పెట్టెలలో సర్ది రైలు నిలయమునకు చేర్చివచ్చి, తాను సంస్థకు కొంత డబ్బు మిగిల్చితినని తండ్రికి సంతోషముతో చెప్పెను. ఎట్లని తండ్రి యడుగగా, మూడు పూతలకు బదులు రెండే వేసితినని తెలిపెను. తండ్రి ముఖము మాఱెను. వెంటనే నిలయమునకు పోయి పెట్టెలను తిరిగి తెచ్చి, విప్పి, మూడవ పూత వేసి, మఱల కట్టి, నిలయమునకు చేర్చి రమ్మనియు, రాత్రియంతయు పట్టినను సరే యెవరి సాయమును తీసికొనరాదనియు ఆజ్ఞాపించెను. గోట్‌ఫ్రెడ్ అట్లే చేసెను.

నేను ఉపాధ్యాయుడనుగా నున్నకాలమున ఈ కథ చెప్పినప్పుడెల్ల తరగతిలో సగముమంది కుఱ్ఱవాని పక్షమే వహించెడివారు. వారి వాదము త్రోసివేయదగినది కాదు. ఇంటిలో అప్పున్నది, రెండు పూతలతో బాతు బాతుగానే యుండును, కొనువాడు గుర్తింపడు. కాని బొమ్మను కొనువాడు వేఱు, దానితో ఆడుకొనువాడు వేఱు. ఆడుకొను పసివాడు దానిని నేలకు కొట్టును, నీటిలో వేయును, నోట పెట్టుకొనును. పూత లేచిపోయినప్పుడు వాడు అంగడికి పోయి తగవులాడజాలడు. ఆ తగవును వానికి బదులు తండ్రియే కొడుకుతో ఆడెను. తరువాత గోట్‌ఫ్రెడ్, మేలైన దానికి తక్కువైనది పిల్లలకు చాలదను అర్థముగల తండ్రి మాటను చెక్కపై చెక్కి కర్మాగారపు గోడకు వ్రేలాడదీసెను.

1940లో జర్మను సైన్యములు డెన్మార్కును ఆక్రమించుకొనెను. యుద్ధకాలమున పైదేశపు బొమ్మలు రాకపోవుటచే బిల్లుండ్ బొమ్మలకు గిరాకి పెరిగెను. ఇంతలో 1942 మార్చి నెలలో ఒక రాత్రి కర్మాగారము రెండవమాఱు కాలిపోయెను. ఈసారి కట్టడముతోపాటు ఇన్నాళ్లు గీసికొన్న చిత్తరువులును, నమూనాలును అన్నియు పోయెను. ఓలె కిర్క్‌కు అప్పుడు ఏబది యేండ్లు దాటినవి. ఇక చాలునను నిస్పృహ అతనికి కలిగెను. కాని తన్ను నమ్ముకొన్న పనివారి సంగతి తలచి, ఆ పల్లెలోనే మఱల గోడలు లేపెను. క్రొత్త కర్మాగారము మునుపటివలె వడ్రంగి కొట్టముగాక, బొమ్మలు వరుసగా తయారగుటకు అనువుగా కట్టబడెను.

యుద్ధము ముగిసిన పిమ్మట ప్లాస్టికు వాడుకలోనికి వచ్చెను. ప్లాస్టికును కరగించి అచ్చులోనికి ఒత్తిడితో చిమ్ము ఆంగ్లేయ యంత్రమొకటి అమ్మకమునకు వచ్చినదని విని ఓలె కిర్క్ చూడబోయెను. దాని వెల సుమారు ముప్పదివేల క్రోనులు. పల్లెటూరి కర్మాగారమునకు అది మోయరాని మొత్తము. ఇంటివారు వలదనిరి. జీవితమంతయు కఱ్ఱతో పనిచేసిన వడ్రంగి అఱువది యేండ్లు సమీపించుచుండగా కఱ్ఱను విడిచి ప్లాస్టికును పట్టుట వారికి వింతగా తోచెను. అతడు వినలేదు. 1947వ సంవత్సరాంతమున యంత్రము బిల్లుండ్ చేరెను.

యంత్రము అమ్మినవారు దానితో చేయదగిన వస్తువుల మచ్చులను చూపిరి. వానిలో పైన బుడిపెలుగల చిన్న ప్లాస్టికు ఇటుకలుండెను. అవి ఇంగ్లండునందు హిలరీ ఫిషర్ పేజ్ అను బొమ్మల నిర్మాత కనిపెట్టినవి. పసిపిల్లలు ఎట్లు ఆడుకొందురో ఓర్పుతో పరిశీలించి, వారికి తగిన బొమ్మలను కల్పించినవాడు పేజ్. ఓలె కిర్క్, గోట్‌ఫ్రెడులు ఆ యిటుకను కొద్ది మార్పులతో 1949లో తమ దేశమున అమ్మజొచ్చిరి. కావున లోకము అనుకొనునట్లు ఇటుకను మొదట కల్పించినవాడు బిల్లుండ్ వడ్రంగి కాడు. సంస్థవారును ఈ సంగతిని తరువాత ఒప్పుకొనిరి. పేజ్ ఇటుకపై మిగిలిన హక్కులను 1981లో కొనుక్కొనిరి. పేజ్ అప్పటికి లేడు, 1957లోనే మరణించెను. గొప్పవారి చరిత్రలు చెప్పునప్పుడు ఇట్టి సంగతులను కప్పిపుచ్చు నలవాటు మనలో కలదు. మూడవ పూత విషయమున అంత పట్టుదల చూపినవాని కథలో దీనిని దాచుట న్యాయము కాదని యెంచి వ్రాసితిని.

ఆ మొదటి యిటుకలు అంతగా చెల్లుబడి కాలేదు. లోపల డొల్లగా నుండుటచే అవి ఒకదానినొకటి గట్టిగా పట్టుకొనెడివి కావు. కట్టిన గోడ చేయి తగిలిన కూలిపోయెడిది. 1954లో గోట్‌ఫ్రెడ్ ఇంగ్లండునకు ఓడలో పోవుచుండగా తోటి ప్రయాణికుడైన ఒక బొమ్మల కొనుగోలుదారు, ఈ కాలపు బొమ్మలలో ఒకదానికొకదానికి పొంతన లేదని మాటల సందర్భమున అనెను. ఆ మాట గోట్‌ఫ్రెడ్ మనస్సున నాటుకొనెను. ఏ పెట్టె కొనినను అందలి ముక్కలు మునుపటి పెట్టెలోని ముక్కలతో కలియవలెను. కొన్నకొలది ఆట పెరుగవలెనుగాని పాతది మూలపడరాదు. ఈ పద్ధతితో 1955లో ఇండ్లు, వీధులు, బండ్లుగల పట్టణపు ఆట వెలువడెను.

ఇక మిగిలినది పట్టు. ఎన్నియో విధములుగా ప్రయత్నించి, చివరకు ఇటుక అడుగున డొల్లలో చిన్న గొట్టములను నిలిపిరి. క్రింది యిటుక బుడిపెలు పై యిటుక గోడకును గొట్టమునకును నడుమ ఇఱుకుకొనును. ప్లాస్టికు కొంచెము సాగి మఱల బిగియును. పెద్దవాడు లాగినప్పుడు ఎంత సులభముగా వచ్చునో, పసివాడు లాగినప్పుడును అంతే; లాగనినాడు మాత్రము కదలదు. దీనికి అచ్చులు మిల్లీమీటరులో వేయవ వంతుల లెక్కను సరిగానుండవలెను. ఎనిమిదేసి బుడిపెలుగల ఒకే రంగు ఇటుకలు రెండింటిని ఇరువదినాలుగు విధములుగా కలుపవచ్చును. మూడింటిని 1,060 విధములుగా కలుపవచ్చును. ఆఱింటిని ఎన్ని విధములుగా కలుపవచ్చునని గణకయంత్రముతో లెక్కింపగా 91,51,03,765 అని తేలినది. లెక్కలందు ఆసక్తిగల విద్యార్థులు రెండు ఇటుకల లెక్కను కాగితముపై చేసి చూడవచ్చును. ఆఱింటి జోలికి పోవలదు.

ఈ కొత్త యిటుకకు 1958 జనవరి 28వ తేదీన కోపెన్‌హాగెన్‌లో పేటెంటు కొఱకు దరఖాస్తు చేయబడెను. సరిగా నలువదిరెండు దినములకు, మార్చి 11వ తేదీన, ఓలె కిర్క్ తన అఱువదియాఱవ యేట మరణించెను. సంస్థ భారము గోట్‌ఫ్రెడునకు వచ్చెను. రెండేండ్లు గడచునంతలో, 1960లో, మూడవ అగ్నిప్రమాదము జరిగి కొయ్యబొమ్మల గిడ్డంగి కాలిపోయెను. గోట్‌ఫ్రెడ్ ఈసారి కొయ్యబొమ్మలను మఱల మొదలుపెట్టలేదు. సోదరులకు అది నచ్చక కొందరు సంస్థను విడిచిరి. తండ్రి తొలిప్రేమయగు కఱ్ఱ బిల్లుండ్‌లో అంతటితో ముగిసెను. 1963లో ఇటుకలకు మునుపటికన్న గట్టిదియు, రంగు చెడనిదియు నగు ప్లాస్టికును వాడజొచ్చిరి. 1968లో ఆ యిటుకలతోనే కట్టిన బొమ్మ నగరములుగల లెగోలాండ్ అను వినోదవనము ఆ పల్లెలో తెఱవబడెను.

1978లో కాళ్లుచేతులు కదలు చిన్న మనుష్యుల బొమ్మలు వచ్చినవి. వారందఱికి ఒకే ముఖము: రెండు చుక్కల కన్నులు, ఒక చిఱునవ్వు. పోలీసైనను, రాజైనను, ఆకాశయాత్రికుడైనను అదే నవ్వు. పదునొకండేండ్లు గడచినవి. 1989లో సముద్రపు దొంగలు వచ్చి ఆ నియమమును తప్పించిరి. ఒకనికి కంటిపై నల్లగుడ్డ, ఒకనికి మీసము, ఒకనికి చేతికి బదులు కొక్కెము, ఎఱ్ఱగడ్డపు నాయకునకు కొయ్యకాలు. కోతియు, చిలుకయు, తాటిచెట్టువంటి వృక్షమును, బంగారు నాణెముల పెట్టెయు వానితో వచ్చినవి. పెద్ద ఓడకు నల్లసముద్రముల బారకుడా యని అర్థమిచ్చు పేరు పెట్టిరి. బారకుడా యనగా కోఱపండ్లుగల ఒక వేటచేప. తరుముటకు రాజుగారి సైనికులును, వారికొక కోటయు ఉండెను.

నిజమైన సముద్రపు దొంగలు ఇట్టి ముచ్చటైనవారు కారు. మన తీరమునందును వర్తకులు సముద్రమునకును, ఒడ్డునకును భయపడుచునే యుండిరి. గాలివానకు ఒడ్డున కొట్టుకొనివచ్చిన ఓడల సరకును పూర్వపురాజులు బలాత్కారముగా కొల్లగొట్టుచుండిరనియు, తాను సుంకము దప్ప మఱేమియు గైకొననియు కాకతీయ గణపతిదేవుడు 1244లో మోటుపల్లి రేవున శాసనము వేయించెను. సర్వము పోయి ఒడ్డెక్కిన వానిని దోచుటయే చరిత్ర. పిల్లల ఓడలో దోపిడి లేదు. పెట్టెలోని బంగారము ఈనాడు నాయకునిదైన, రేపు సైనికులది; ఎల్లుండి ఓడయే విడిపోయి కోటయగును.

ఆనాడు పదేండ్ల పిల్లలైనవారు నేడు నలువదియైదు దాటినవారు. వారు పాత పెట్టెలను అటకలపైనుండి దించి, పోయిన ముక్కలను ఒక్కొక్కటిగా వెదకి కొనుచున్నారు. చెడని పాత ఓడకు మొదటి వెలకు ఎన్నియో రెట్లు ఇచ్చుచున్నారు. ఇది వెఱ్ఱియని నవ్వవచ్చును. కాని చిన్ననాటి బొమ్మలలో ఎన్ని మనకు మిగిలినవి? మట్టియెడ్లు వానకు కరగిపోవును. తాటాకు బూర సాయంకాలమునకు వాడిపోవును. వాని ముచ్చట వానిది. అవి పోయినవని ఎవరును వాపోరు. ఈ ఓడ అట్లు పోలేదు. పెట్టె తెఱచినప్పుడు ముప్పదియేండ్ల నాటి ముక్కలు నాటివలెనే పట్టుకొనుటయు, తన చేతులు మాత్రము పెద్దవగుటయు చూచినవాడు ఊరకుండజాలడు. చిన్ననాడు కొనలేకపోయినవానికి వేఱొక బాధ కలదు. వాడు జ్ఞాపకమును కాక, జ్ఞాపకము కానిదానిని కొనుచున్నాడు.

సంస్థవారు వీరి కోరికను గమనించిరి. పాత ఓడను 2002లో ఒకసారి మఱల వెలువరించిరి. 2020లో పెద్దవారి కొఱకే వేఱొకటి చేసిరి. దానిని కల్పించినది సంస్థలోనివారు కారు. పాత ఓడపై మమకారముగల ఒక అభిమాని పంపిన నమూనాను అనుసరించి చేసినది. అందు 2,545 ముక్కలుండును. అది మొదట ఓడ కాదు. బారకుడా ఓడ పగిలి ఒక దీవికి కొట్టుకొనిపోగా, నావికులు ఆ పగులు చెక్కలతోనే ఇండ్లును, వంటశాలయు, పడకలును కట్టుకొన్నట్లు చూపిరి. తెరచాప పైకప్పయినది. కాని ఓర్పుగలవాడు ఆ దీవిని విప్పి, భాగములను మఱల చేర్చినయెడల పాత ఓడ తిరిగి లేచి నిలుచును. దాని అడుగున ఒక యిటుక తక్కువైనచో, 1958లో గొట్టములతో అచ్చుదీసిన యిటుక ఎచ్చటనైన దొరకినను, దానిని తెచ్చి పెట్టవచ్చును. అది టక్కున కూర్చుండును.